అయస్కాంతమునుండి చల్లదనము

చలువ యనునది పట్టణవాసులకు వేసవి భోగము. నెల్లూరు సముద్రతీరమున నివసించువారికి మాత్రము అది జీవనాధారము. తుమ్మలపెంట మొదలుకొని మైపాడు మీదుగా కృష్ణపట్నము వరకును, అటు దక్షిణమున పులికాటు సరస్సు వరకును గల పల్లెలలో తెల్లవారుజామున వల నిండినను, ఐసు దొరకని యెడల ఎండ యెక్కినకొలది చేప వెల పడిపోవును. రొయ్యల చెరువులు సాగుచేయువారి సంగతియు ఇంతే. నెలల తరబడి మేత వేసి, గాలి పట్టించి, రోగములనుండి కాపాడిన పంట యంతయు చెరువునుండి పైకి తీసిన తరువాత కొన్ని గంటలు చల్లగా ఉన్నదా లేదా యను దానిపై ఆధారపడి యుండును. చల్లదనము తప్పిన సరుకు ఎంత మంచిదైనను కొనువాడు లేడు.

ఇదే తీరమునకు దక్షిణపు కొనను శ్రీహరికోట కలదు. 1971 అక్టోబరు 9వ తేదీన అచటినుండి తొలి రోహిణి రాకెట్టు ఎగిరిననాడు ఆ దీవి నెల్లూరు జిల్లాలోనిది; 2022లో జిల్లాలను తిరిగి విభజించినప్పుడు తిరుపతి జిల్లాలో చేరినది. అచట కావలసిన చల్లదనము వేరు. 2023 జులై 14న చంద్రయానము-3ను మోసికొనిపోయిన రాకెట్టు పై అంతస్తులో సుమారు 28 టన్నుల ద్రవ హైడ్రోజనును, ద్రవ ఆక్సిజనును నింపిరి. ద్రవ ఆక్సిజను సున్నకు దిగువ 183 డిగ్రీల సెంటిగ్రేడు వద్దను, ద్రవ హైడ్రోజను సున్నకు దిగువ 253 డిగ్రీల వద్దను మరుగును. అనగా ఒకే తీరమున ఒకచోట చేపకు ఐసు చలువయు, మరియొకచోట ఐసు సయితము కొలిమివలె తోచునంతటి మహాశైత్యమును కావలసియున్నవి. ఈ రెండింటికిని పనికిరాగల ఒక విద్యను గూర్చి మేము ఈ ప్రసంగమున ముచ్చటింపదలచితిమి. ఆ విద్యకు మూలము మన పెద్దలు సూదంటురాయి యని పిలిచిన అయస్కాంతము.

అయస్కాంతమునకును వేడిమికిని పొత్తు కుదరదు. ఎఱ్ఱగా కాలిన ఇనుమును అయస్కాంతము పట్టదని ఇంగ్లండులో విలియం గిల్బర్టు 1600లో తాను ప్రకటించిన గ్రంథమున వ్రాసియున్నాడు. అటుపిమ్మట దాదాపు మూడు వందల ఏండ్లకు, 1895లో, ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు పియరీ క్యూరీ ఈ విషయమును నిశితముగా కొలిచి చూచెను. ఒక్కొక్క లోహమునకు ఒక్కొక్క హద్దు కలదనియు, ఆ హద్దు దాటిన పిమ్మట లోహము తన అయస్కాంత గుణమును కోల్పోవుననియు, చల్లారి ఆ హద్దుకు దిగువకు వచ్చినంతనే తిరిగి పొందుననియు తేల్చెను. నేడు ఆ హద్దును ఆయన పేరనే క్యూరీ ఉష్ణోగ్రత యందురు. ఇనుమునకు అది సుమారు 770 డిగ్రీలు. నికెలునకు సుమారు 358. కోబాల్టునకు 1,100కు పైబడి యున్నది. సముద్రపు ఇసుకలో అయస్కాంతమును త్రిప్పినప్పుడు మీసములవలె అంటుకొని వచ్చు నల్లని రేణువులలో ముఖ్యమైనది మాగ్నెటైటు. దాని హద్దు సుమారు 580 డిగ్రీలు.

మన రేడియోలో శబ్దమును పుట్టించు లౌడుస్పీకరు వెనుక నల్లని చక్రమువంటి అయస్కాంతము కలదు కదా! అది సామాన్యముగా ఫెరైటు అను పదార్థము. ఇనుప తుప్పునకు దగ్గరి చుట్టము. దాని క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 450 డిగ్రీలు. కావుననే రోళ్లు పగులు రోహిణి కార్తెలో సయితము రేడియో గొంతు పోదు. కాని పదార్థములను తగిన పాళ్లలో కలిపినచో ఈ హద్దును మనకు కావలసిన చోటికి జరుపుకొనవచ్చును. అట్లు జరిపిన ఫెరైటు ఒకటి నేడు అనేకుల వంటయిండ్లలోనే పనిచేయుచున్నది. గృహిణులు దానిని దినదినము వాడుచునే యున్నారు. అదియే అన్నము వండు విద్యుత్తు కుక్కరు.

కుక్కరు అడుగున, గిన్నె మధ్యభాగమునకు ఆనుకొని, స్ప్రింగుపై నిలిచిన ఒక చిన్న బిళ్ల యుండును. దానిలో ఫెరైటు కలదు. దాని క్రింద ఒక స్థిరమైన అయస్కాంతము కలదు. మనము మీట నొక్కినప్పుడు అయస్కాంతము ఫెరైటునకు అతుకుకొని, విద్యుత్తు దారి తెరచుకొనును. గిన్నెలో నీరున్నంతసేపు ఎంత మంట పెట్టినను అడుగు వేడిమి 100 డిగ్రీల చుట్టుప్రక్కలనే నిలుచును. ఏలయనగా వచ్చిన వేడిమి యంతయు నీటిని ఆవిరిగా మార్చుటకే ఖర్చగును. బియ్యము నీటిని పీల్చుకొని, మిగిలిన నీరు ఆవిరియై పోయిన పిమ్మట ఖర్చుచేయు దారి లేక అడుగు వేడెక్కసాగును. సుమారు 103 డిగ్రీలు రాగానే ఫెరైటు తన అయస్కాంత గుణమును వదలుకొనును. స్ప్రింగు రెండింటిని విడదీయును. టక్కుమని మీట పైకి లేచును. అన్నము ఉడికినదని చెప్పుటకు అచట గడియారము లేదు, లెక్కలు చూచు యంత్రము లేదు. నెల్లూరు మొలగొలుకులైనను, మరి ఏ బియ్యమైనను, పాత్ర చిన్నదైనను పెద్దదైనను, నీరు అయిపోవుటయే గుర్తు. ఇందులో రెండు స్థితి పరివర్తనములు ఒకదానికొకటి కాపలా కాయుచున్నవి: ఒకటి నీరు ఆవిరియగుట, రెండవది అయస్కాంతము అయస్కాంతము కాకపోవుట.

ఈ రెండవ పరివర్తనమున లోపల జరుగునదేమి? ఇనుమువంటి పదార్థమున ప్రతి పరమాణువును ఒక చిన్న అయస్కాంతమే. వాని నడుమ గల పరస్పర బలము వానినన్నిటిని ఒకే దిక్కునకు తిరిగియుండుమని కోరును. వేడిమి యనగా కదలిక. అది ప్రతి పరమాణువును కుదిపి తన యిష్టము వచ్చిన దిక్కునకు త్రిప్పజూచును. ఒడ్డున నిలిచి పెద్దవలను లాగు జనమును తలచుకొనుడు. అందరును తాడు పట్టి ఒకే దిక్కునకు ఒరిగియుందురు. ప్రక్కవాడు లాగుచుండుటచే ప్రతివాడును లాగును. ఇసుక కాళ్లను కాల్చి ఒకడు తప్పుకొనినను వరుస చెదరదు. తప్పుకొనువారు పెరిగినకొలది, మిగిలినవారిని నిలిపియుంచు బలము తగ్గును. అది తగ్గినకొలది మరికొందరు తప్పుకొందురు. ఒక దశ రాగానే వరుస యంతయు కొద్దిసేపటిలోనే చెదరిపోవును. ఆ దశయే క్యూరీ ఉష్ణోగ్రత. అందుచేతనే అయస్కాంత గుణము హద్దుకు దూరమున ఉన్నప్పుడు మెల్లగా తగ్గి, హద్దు సమీపింపగానే నిటారుగా పడిపోవును.

నీరు మరుగుటకును దీనికిని ఒక భేదమున్నది. నీరు ఆవిరియగునప్పుడు ఉష్ణోగ్రత పెరుగకుండగనే చాల వేడిమి లోనికి పోవును. దానినే గుప్తోష్ణ మందురు. ఇనుము తన హద్దును దాటునప్పుడు అట్టి గుప్తోష్ణము లేదు. ఐనను పరమాణువుల వరుసను చెదరగొట్టుటకు కొంత వేడిమి కావలెను కదా! అది హద్దునకు ముందునుండియే కొంచెము కొంచెముగా ఖర్చగుచు, హద్దు వద్ద మిక్కిలి హెచ్చగును. కావున ఇనుమును ఒక డిగ్రీ వేడిచేయుటకు మామూలు ఉష్ణోగ్రతయందు కావలసినదానికి రెండింతలకు మించిన వేడిమి 770 డిగ్రీల వద్ద కావలసివచ్చును. విశిష్టోష్ణమును గీతగా గీచినచో ఆ చోట పర్వతశిఖరమువలె కనబడును. చల్లారునప్పుడు ఆ వేడిమినే తిరిగి వదలుచు, లోహము ఆ చోట తటపటాయించుచున్నట్లు నెమ్మదిగా చల్లారును.

కొన్ని పదార్థములలో అయస్కాంత గుణముతోపాటు పరమాణువుల అమరిక కూడ ఒక్కసారిగా మారిపోవును. వానియందు నీటివలెనే గుప్తోష్ణము కలదు. మొదటి రకమును ద్వితీయ శ్రేణి పరివర్తనమనియు, ఈ రకమును ప్రథమ శ్రేణి పరివర్తనమనియు శాస్త్రజ్ఞులు వ్యవహరింతురు. ఈ భేదము ముందు మనకు అక్కరకు వచ్చును.

ఇంతవరకు వేడిమి అయస్కాంతమును ఏమి చేయునో చూచితిమి. ఇక తిరుగబెట్టి అడుగుదము: అయస్కాంతము వేడిమిని ఏమి చేయగలదు? దీనికి ఇంటిలోనే చేయదగిన ఒక పోలిక ప్రయోగము కలదు. వెడల్పైన రబ్బరు పట్టీని తీసికొని గబాలున బాగుగా సాగదీసి వెంటనే పై పెదవికి తాకించుడు. అది వెచ్చబడియుండును. సాగదీసియే కొంతసేపు ఉంచి, వెచ్చదనము గాలిలో కలిసిన తరువాత ఒక్కసారిగా వదలి మరల పెదవికి తాకించుడు. ఈసారి చల్లగా తోచును. రబ్బరులోని పొడవైన అణువులు మామూలుగా చిక్కుపడిన నూలువలె నుండును. సాగదీయగా అవి వరుసలోనికి వచ్చును. అమరికలో పోయిన అల్లరి అణువుల కదలికలోనికి చేరును. కదలిక హెచ్చుటయే వెచ్చబడుట. వదలినప్పుడు చిక్కుపడుటకు కావలసిన అల్లరిని కదలికనుండియే తీసికొనును, కావున చల్లబడును.

అయస్కాంత పదార్థమునందు జరుగునదియు ఇదియే. దానిని బలమైన అయస్కాంతముల నడుమకు చేర్చగా లోపలి పరమాణువులు ఒక దిక్కునకు తిరిగి వరుసలో నిలుచును. దిక్కులలో తగ్గిన అల్లరి కదలికలోనికి పోయి పదార్థము వెచ్చబడును. ఆ వెచ్చదనమును బయటికి పోనిచ్చి, తరువాత పదార్థమును అయస్కాంతముల నడుమనుండి తొలగించినచో, వరుస చెదరుటకు కావలసిన అల్లరిని అది తన వేడిమినుండియే తీసికొని మొదటికంటె చల్లబడును. మట్టి కూజాలోని నీరు చల్లబడుటకును కారణము ఇట్టిదే: గోడలలో చెమ్మగిలిన నీరు ఆవిరియగుటకు కావలసిన వేడిమిని మిగిలిన నీటినుండి తీసికొనును. కూజాలో పోయిన ఆవిరి తిరిగి రాదు. అయస్కాంతమున మాత్రము ఎన్నిసార్లైనను మరల మరల చేయవచ్చును.

ఈ ఫలితము క్యూరీ హద్దు వద్దనే అధికముగా నుండుటకు హేతువు సులభముగనే బోధపడును. హద్దుకు మిక్కిలి దిగువన పరమాణువులు ముందే వరుసలో నున్నవి. బయటి అయస్కాంతము వచ్చి క్రొత్తగా సరిదిద్దవలసినది లేదు. హద్దుకు మిక్కిలి ఎగువన వేడిమి కుదుపు ఎంత బలమైనదనగా బయటి అయస్కాంతము మాట ఎవరును వినరు. హద్దు వద్ద పరమాణువులు అటా ఇటా యని ఊగిసలాడుచుండును. అప్పుడు కొద్దిపాటి బలము చాలును. త్రాసు సమముగా నిలిచినప్పుడు చిటికెడు బరువునకే ముల్లు మొగ్గునట్లు, స్థితి పరివర్తనమునకు సమీపమున పదార్థము ప్రతి చిన్న ప్రేరణకును పెద్దగా స్పందించును.

ఈ సంగతిని మొదట స్పష్టముగా కనుగొన్నవారు పియరీ వైస్, ఆగస్టు పికార్డు అనువారు. బుడగలో ఎక్కి ఆకాశపు ఎత్తులను పరిశీలించిన పికార్డు ఈయనయే. 1917లో వారు నికెలును దాని హద్దు వద్ద ఉంచి బలమైన అయస్కాంత క్షేత్రమును ప్రయోగింపగా అది సుమారు ముప్పాతిక డిగ్రీ వేడెక్కెను. క్షేత్రమును తీసివేయగా తిరిగి అంతయే చల్లబడెను. అంత స్వల్పమైనదానితో ఏమి ప్రయోజనమని తోచవచ్చును. కాని పీటర్ డిబై 1926లోను, విలియం జియాకు 1927లోను, వేర్వేరుగా ఆలోచించి, ఈ ఉపాయముతో పరమ శూన్య ఉష్ణోగ్రతకు సమీపమునకు పోవచ్చునని సూచించిరి. 1933లో జియాకు, మెక్‌డూగల్ అనువారు అమెరికాలోని బర్క్‌లీలో గడోలినియము సల్ఫేటు అను లవణమును ముందు ద్రవ హీలియముతో పరమ శూన్యమునకు ఎగువ ఒకటిన్నర డిగ్రీల వరకు చల్లార్చి, పిమ్మట అయస్కాంత క్షేత్రమును తొలగించి, పావు డిగ్రీ వరకు దించిరి. జియాకుకు 1949లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము వచ్చినది. 2023లో జపాను ప్రయోగించిన ఎక్స్‌రిజం అను ఉపగ్రహములో ఎక్స్‌కిరణములను కొలుచు పరికరమును పరమ శూన్యమునకు ఎగువ ఒక డిగ్రీలో ఇరువదవ వంతు వద్ద నిలుపుచున్నది ఈ పద్ధతియే.

మన తెలుగునాటను ఈ శాస్త్రమునకు పరిచయము లేకపోలేదు. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయములలో ఆచార్యులుగా పనిచేసిన డాక్టరు సూరి భగవంతము స్ఫటికముల సౌష్ఠవమునకును వాని భౌతిక గుణములకును గల సంబంధమును గూర్చి 1966లో ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించిరి. 1974లో నెలకొల్పబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్య ఎస్. ఎన్. కౌల్ అయస్కాంత పదార్థములు హద్దు సమీపించునప్పుడు పొందు మార్పులను సూక్ష్మముగా కొలిచి, 1985లో ఆ విషయముపై విపులమైన సమీక్ష వ్రాసిరి. హద్దు వద్ద పదార్థము ఎట్లు నడచుకొనునో తెలియనిదే దానిని పనిలో పెట్టుట సాధ్యము కాదు.

మహాశైత్యమునకు పనికివచ్చిన విద్య ఇంటి చలువపెట్టెకు పనికిరాదా? దానికి మామూలు ఉష్ణోగ్రత వద్దనే హద్దు గల లోహము కావలెను. గడోలినియము అట్టిది. దానిని 1880లో కనుగొనిరి. అది ఇనుమువలె బలమైన అయస్కాంత గుణము గలదని 1935లో తెలిసినది. దాని క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీలు. ఒక గడోలినియపు ముక్కను నెల్లూరు తీరమునకు తెచ్చినామనుకొందము. పుష్యమాసపు తెల్లవారుజామున చలిగాలి వీచునప్పుడు అది సరిగా తన హద్దుమీద నిలిచియుండును. ప్రొద్దెక్కినకొలది అయస్కాంతము దానిని పట్టుట తగ్గిపోవును. ఐసు నీటిలో ముంచినచో మరల గట్టిగా అంటుకొనును. వైశాఖమున నీడలో సయితము అది వట్టి లోహమే.

అమెరికాలో జి. వి. బ్రౌన్ 1976లో గడోలినియపు పలకలను ద్రవమునందు పైకి క్రిందికి ఆడించి, రెండు కొనల నడుమ 47 డిగ్రీల భేదమును సాధించెను. 1997లో ఏమ్స్ ప్రయోగశాలవారు ఆస్ట్రోనాటిక్స్ సంస్థతో కలిసి గడోలినియముతో పనిచేయు యంత్రమును నడిపి, ఇది కేవలము వింత కాదు, పనిముట్టు కాగలదని చూపిరి. 2015లో లాస్ వేగాస్ నగరపు ప్రదర్శనలో ఇట్టి చలువపెట్టె నమూనాను జనులకు చూపిరి.

ఇట్టి యంత్రమున నాలుగు మెట్లు గలవు. మొదటిది, లోహపు పలకలు అయస్కాంత క్షేత్రములోనికి వచ్చి వెచ్చబడును. రెండవది, నీరు వాని నడుమ ప్రవహించి ఆ వెచ్చదనమును బయటికి కొనిపోవును. మూడవది, పలకలు క్షేత్రమునుండి తొలగి చల్లబడును. నాలుగవది, పెట్టెలోనుండి వచ్చిన నీరు వాని నడుమ నడచి తన వేడిమిని వానికి ఇచ్చి చల్లనై తిరిగి పెట్టెకు పోవును. మంచి శాశ్వతాయస్కాంతముల నడుమ గడోలినియము ఒక్కసారికి కొద్ది డిగ్రీలకు మించి చల్లబడదు. అంత చాలునా? చాలదు. కాని కాలువలోని నీటిని గూడ వేసి ఒక గట్టునకు ఎక్కించి, అచటినుండి మరియొక గూడతో పై మడికి ఎక్కించు రైతును చూడుడు. ఒక్కొక్క ఎత్తు చిన్నది. వరుసగా వేసినచో పై పొలము తడియును. ఈ యంత్రమునను పలకల వరుసలో నీరు ముందుకు వెనుకకు నడచుచు చిన్న చిన్న భేదములను పేర్చి పెద్ద భేదముగా చేయును.

ఇప్పుడు మన యిండ్లలోనున్న రిఫ్రిజిరేటరులు చక్కగా పనిచేయుచుండగా దీని అవసరమేమని అడుగవచ్చును. వానిలో వాయువును అదిమి, ద్రవముగా మార్చి, తిరిగి ఆవిరిచేసి చల్లదనము తీయుచున్నారు. పూర్వము వాడిన వాయువులు ఆకాశపు ఓజోను పొరను చెరచుచున్నవని తెలిసి 1987లో మాంట్రియల్‌లో దేశములు ఒప్పందము చేసికొన్నవి. వానికి బదులుగా వచ్చిన వాయువులు ఓజోనును చెరచవు గాని, భూమిని వేడెక్కించుటలో మహా ఘటికులు. వానిలో ప్రసిద్ధమైన ఆర్-134ఏ అనునది, నూరేండ్ల లెక్కలో, బరువుకు బరువు బొగ్గుపులుసు వాయువునకంటె సుమారు 1,400 రెట్లు వేడెక్కించును. కావున 2016లో కిగాలిలో వీనిని తగ్గించుటకు మరియొక ఒప్పందము కుదిరినది. భారతదేశము దానిని 2021లో ఆమోదించినది. మన తగ్గింపు 2032 నుండి మొదలుకావలెను. ఐసు ఫ్యాక్టరీలలో వాడు అమ్మోనియా ఆకాశమునకు కీడు చేయదు గాని, కారినచో మనుష్యుల ప్రాణములకు ప్రమాదము. తీరము వేడెక్కిన కొలది చలువ అవసరము హెచ్చును. చలువ తీయు విధానమే తీరమును వేడెక్కించినచో, అది ఉప్పునీటితో దప్పిక తీర్చుకొన్నట్లగును. అయస్కాంత యంత్రమున కారుటకు వాయువే లేదు, పారునది నీరు.

ఐనను మేము మితిమీరిన ఆశలు కల్పింపగోరము. ఈ యంత్రము నేటికిని సామాన్య గృహములకు అందలేదు. దానికి మూడు చిక్కులు కలవు. మొదటిది, బలమైన అయస్కాంతములకు నియోడిమియము, పనిచేయు పలకలకు గడోలినియము కావలెను. రెండును విరళ మృత్తిక లోహములే, రెండును ప్రియమైనవే. రెండవది, ప్రథమ శ్రేణి పరివర్తనము గల పదార్థములకు సంబంధించినది. 1997లో పెచార్‌స్కీ, ష్నైడ్నర్ అనువారు గడోలినియము, సిలికను, జెర్మేనియము కలిసిన మిశ్రమమున అసాధారణమైన ఫలితమును కనుగొనిరి. గుప్తోష్ణము తోడగుటయే అందులకు కారణము. కాని అట్టివి వేడెక్కునప్పుడు ఒక ఉష్ణోగ్రత వద్దను, చల్లారునప్పుడు మరియొక ఉష్ణోగ్రత వద్దను మారును. వెళ్లిన దారినే తిరిగిరాకపోవుటచే ప్రతి ఆవృత్తిలోను కొంత శక్తి వృథాయగును. మాటిమాటికి అమరిక మారుటచే పదార్థము పగుళ్లు వారుటయు కలదు.

మూడవ చిక్కు మనకు ముఖ్యమైనది. 20 డిగ్రీల హద్దు గల గడోలినియము శీతల దేశముల గదులకు అనుకూలముగా ప్రకృతి యిచ్చిన లోహము. మన తీరమున వేసవిలో బయటి గాలియే 40 డిగ్రీలు దాటుచుండును. మన చలువపెట్టె 40 డిగ్రీల గాలిలోనికి వేడిమిని విడువవలెను, లోపల ఐసు చలువను నిలుపవలెను. ఈ రెండు కొనల నడుమ ఏ ఒక్క పదార్థమును చాలదు. 40, 30, 20, 10, 0 డిగ్రీల వద్ద హద్దులు గల పదార్థములను పొరలు పొరలుగా పేర్చవలెను. అది సాధ్యమే. లాంతనము, ఇనుము, సిలికను కలిసిన మిశ్రమమున హైడ్రోజను పాలు మార్చినచో హద్దు పైకి క్రిందికి జరుగును. మాంగనీసు, ఇనుము, భాస్వరము, సిలికను కలిసిన మిశ్రమములలోను ఇట్లే చేయవచ్చును. అందు విరళ మృత్తిక లోహములే లేవు. కుక్కరులోని ఫెరైటు హద్దును 103 డిగ్రీల వద్దకు జరిపిన నేర్పే ఇచటను కావలసినది. ఐతే ఇతర దేశములవారు తమ గదుల వేడిమికి కుదుర్చుకొన్న పదార్థములను మనము యథాతథముగా తెచ్చుకొన్నచో అవి మన వేసవిలో పనిచేయవు. మన ఎండకు తగిన మిశ్రమములను మన ప్రయోగశాలలే కూర్చుకొనవలెను.

ఇక శ్రీహరికోట కొనకు వత్తము. 2014 జనవరి 5న మన దేశమున తయారైన క్రయోజెనిక్ యంత్రముతో జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు విజయవంతముగా ఎగిరినది. అట్టి యంత్రములకు కావలసిన హైడ్రోజనును ద్రవముగా మార్చుటకు చాల శక్తి ఖర్చగుచున్నది. అంతటి చలిలో అయస్కాంత పద్ధతికి ఒక అనుకూలత కలదు. పరమాణువుల కంపనము దాదాపు అణగిపోయి యుండుటచే లోహపు విశిష్టోష్ణము స్వల్పము; కావున అంతే ప్రేరణకు ఉష్ణోగ్రతలో మార్పు అధికము. 2020లో జపాను శాస్త్రజ్ఞులు హోల్మియము, బోరాను కలిసిన ఒక సమ్మేళనము పరమ శూన్యమునకు 15 డిగ్రీల ఎగువన, అనగా హైడ్రోజను ద్రవమగు చోటికి సమీపమున, చాల పెద్ద ఫలితము చూపునని ప్రకటించిరి. రేపు ఓడలును బండ్లును హైడ్రోజనుతో నడచు దినము వచ్చినచో, దానిని చౌకగా ద్రవీకరింపగలవారిదే పైచేయి యగును.

చేపల గంపకును రాకెట్టు తొట్టికిని ఒకే శాస్త్రసూత్రము ఆధారము కాగలదనుట విచిత్రముగా తోచును. కాని ప్రకృతిలో హద్దులే ఫలవంతమైన చోట్లు. నీరు ఆవిరియగు హద్దు మనకు కూజా చలువ నిచ్చినది. ఫెరైటు హద్దు ఉడికిన అన్నమును తెలుపుచున్నది. లోహము అయస్కాంతముగా నుండవలెనా వద్దా యని తటపటాయించు హద్దునుండి చల్లదనమును చౌకగా తీయుట ఇంకను మిగిలియున్న పని. ఆ పని నెరవేరిన నాడు దాని మేలు ముందుగా పెద్ద భవనములకు గాక, ఎండలో వల దించు పడవలకును, రొయ్యల చెరువు గట్టుకును చేరునట్లు చూచుకొనుట శాస్త్రజ్ఞుల వంతు మాత్రమే కాదు, మనయందరి వంతు.